మికొలాయివ్‌లో పుట్టి వైజాగ్‌లో రిటైరైన ఓడలు: రాజ్‌పుత్ క్లాస్ డిస్ట్రాయర్లు, వాటి స్పేర్ పార్టుల గొడవ

(ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వాళ్ళకి వినిపిస్తోందా? సరే. ప్రిన్సిపాల్ గారు యుద్ధనౌకల గురించి మాట్లాడతారు అని చెప్పేశారు, మీరేమో మిసైళ్ళు, బ్రహ్మోసు, పేలుళ్ళు అనుకుని వచ్చుంటారు. నేను మాట్లాడబోయేది గాస్కెట్ల గురించి, బేరింగుల గురించి, ఓ-రింగుల గురించి. (నవ్వులు) లేచి వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళిపోండి బాబూ, మధ్యలో లేస్తే నాకు మాట తడబడుతుంది.

నా ఉద్యోగం అంతా ఇంజిన్ రూముల్లో, తర్వాత స్టోర్సులో గడిచింది. అంటే ముందు పార్టు కావాలని అరిచే వైపు ఉన్నాను, తర్వాత పార్టు లేదని చెప్పే వైపుకి వచ్చాను. రెండు వైపులా తిట్లు తిన్నవాణ్ణి కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను. ఇంకో మాట, ఇవాళ నేను చెప్పేదంతా బయట అందరికీ తెలిసిన సంగతులే, రహస్యాలు చెప్తానని ఎవరూ ఫోన్లు తీయక్కర్లేదు.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఒకటే. ఓడ ఎందుకు రిటైర్ అవుతుంది అని అడిగితే చాలామంది పాతబడిపోయింది, తుప్పు పట్టింది, కొత్త ఆయుధాలు వచ్చాయి అంటారు. అవన్నీ నిజమే గానీ తుప్పు పట్టిన ప్లేటు కోసి కొత్త ప్లేటు వెల్డింగ్ చెయ్యొచ్చు, అది మన డాక్‌యార్డు కుర్రాళ్ళకి చేతిలో పని. కొత్త ఆయుధం పెట్టొచ్చు, పెట్టారు కూడా, దాని కథ తర్వాత చెప్తాను. మరి ఏది చెయ్యలేం? లోపల తిరిగే ఒక చిన్న ముక్క, దాన్ని తయారు చేసే ఫ్యాక్టరీ ఎక్కడో దేశంలో మూతపడిపోతే, దాని డ్రాయింగు మన దగ్గర లేకపోతే, అప్పుడు ఆ ఓడకి వయసు వచ్చేసినట్టే. దీనికి నాకు తెలిసిన వాటిల్లో మంచి ఉదాహరణ మన వైజాగ్‌లో ఉన్న రాజ్‌పుత్ క్లాసు, అంటే ఒకే డిజైనుతో కట్టిన డిస్ట్రాయర్లు అనే పెద్ద యుద్ధనౌకలు.

మొత్తం ఐదు ఓడలు. రాజ్‌పుత్, రాణా, రంజిత్, రణ్‌వీర్, రణ్‌విజయ్. డీ51 నుంచి డీ55 దాకా నంబర్లు. వీటిల్లో రంజిత్‌ని 2019 మే 6న, రాజ్‌పుత్‌ని 2021 మే 21న రిటైర్ చేశారు, రెండూ ఇక్కడే, వైజాగ్ డాక్‌యార్డులోనే. తక్కినవి కూడా అదే కాలం నాటివే, అన్నీ 1980ల సరుకే.

ఈ పేర్లు కొత్తవి కాదు, అది ముందు తెలుసుకోవాలి. 1949లో మనం బ్రిటిష్ వాళ్ళ దగ్గర మూడు సెకండ్ హ్యాండ్ డిస్ట్రాయర్లు కొన్నాం, రెండో ప్రపంచ యుద్ధం నాటివి, రోథర్‌హామ్, రైడర్, రెడౌట్ అని వాటి పేర్లు. వాటికే రాజ్‌పుత్, రాణా, రంజిత్ అని పేర్లు పెట్టారు. ఆ పాత రాజ్‌పుత్ సంగతి వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, 1971 డిసెంబరులో మన హార్బరు బయట మునిగిపోయిన పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ కథలో ఉన్నది ఆ ఓడే. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలు, అంటే నీళ్ళ లోపల పేలే బాంబుల వల్లే మునిగిందని మన నేవీ చెప్తుంది, తమ సబ్‌మెరీనే వేసిన మైను పేలి మునిగిందని పాకిస్తాన్ చెప్తుంది, ఆ తగువులోకి నేను వెళ్ళను. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర సెల్ఫీలు దిగే వాళ్ళు ఆ కథ చదువుకోవచ్చు.

నేను చెప్పేది ఏంటంటే, 1971 నాటికే ఆ పాత రాజ్‌పుత్ రిటైర్మెంటు అంచున ఉన్న ఓడ. అదే సమయంలో మన పెద్ద ఓడ విక్రాంత్‌కి నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు వచ్చింది, ఫుల్ స్పీడు వెళ్ళలేని స్థితిలోనే అది యుద్ధానికి వెళ్ళింది. అంటే ఎంత పెద్ద యుద్ధం గురించి మాట్లాడినా వెనకాల బాయిలరూ, దాని ట్యూబులూ కూర్చుని ఉంటాయి, పుస్తకాల్లో అది ఒక లైనులో అయిపోతుంది గానీ ఇంజిన్ రూములో ఉన్నవాడికి అదే మొత్తం యుద్ధం.

సరే, రష్యా వైపు ఎందుకు వెళ్ళాం? బ్రిటన్ నుంచి కొత్త ఓడలు అడిగితే ధర ఎక్కువ, ఇవ్వాలన్న ఉత్సాహం తక్కువ. సోవియట్ వాళ్ళేమో రూపాయిల్లో తీసుకుంటాం, వాయిదాల్లో కట్టండి అన్నారు. 1960ల చివర్లో పెట్యా క్లాసు చిన్న ఓడలు, ఫాక్స్‌ట్రాట్ సబ్‌మెరీన్లు వచ్చాయి, వాటిల్లో ఒకటే మీరు ఆర్కే బీచ్‌లో టికెట్ కొని ఎక్కే కుర్సురా. వాటికోసమే వైజాగ్ డాక్‌యార్డుని సోవియట్ సాయంతో కట్టడం మొదలుపెట్టారు. అందుకే ముంబై డాక్‌యార్డుకి బ్రిటిష్ వాసన, వైజాగ్ డాక్‌యార్డుకి రష్యన్ వాసన అని మావాళ్ళు అనుకునేవాళ్ళు.

స్టోర్స్ వాడికి దీని అర్థం ఏంటో ఊహించండి. బ్రిటిష్ ఓడల్లో అన్నీ అంగుళాలు, విట్‌వర్త్ అనే బ్రిటిష్ రకం మరలు. రష్యన్ ఓడల్లో అన్నీ మిల్లీమీటర్లు, గోస్ట్ అనే సోవియట్ స్టాండర్డులు. ఒకే నేవీలో రెండు రకాల స్పానర్లు, రెండు రకాల బోల్టులు, రెండు భాషల్లో మాన్యువల్సు. ఒక బోల్టు చేతిలో పట్టుకుంటే రెండు దారాలు పడుతుంది, మూడో దారం దగ్గర బిగుసుకుపోతుంది, అప్పుడు తెలుస్తుంది ఇది వేరే దేశం బోల్టని. పాత నట్టుని బలవంతంగా ఎక్కించేసేవాడు ఒకడు ప్రతి బ్యాచిలోనూ ఉండేవాడు.

ఇప్పుడు అసలు ఓడ దగ్గరికి వద్దాం. సోవియట్ వాళ్ళు ప్రాజెక్ట్ 61 అని ఒక డిజైన్ చేశారు, నాటో వాళ్ళు దాన్ని కాషిన్ క్లాసు అంటారు. మొదటి ఓడ 1962 ఆఖర్లో సర్వీసులోకి వచ్చింది. దాని గొప్పతనం ఏంటో మెకానికల్ వాళ్ళు జాగ్రత్తగా వినండి, ఆవిరి లేదు, డీజిల్ ఇంజిన్ లేదు, ఒట్టి గ్యాస్ టర్బైన్ల మీదే నడిచే పెద్ద యుద్ధనౌకల్లో ప్రపంచంలో మొదటివి ఇవే. అమెరికా వాళ్ళు తమ స్ప్రూయన్స్ క్లాసుతో ఆ పని చేసింది 1970ల్లో, అంటే పదేళ్ళకు పైగా తర్వాత. నాలుగు టర్బైన్లు, ఒక్కోటి 18,000 హార్స్‌పవర్, మొత్తం 72,000, రెండు షాఫ్టులు, 35 నాట్ల దాకా వేగం. సుమారు 5,000 టన్నుల ఓడ గంటకి 65 కిలోమీటర్ల వేగంతో నీళ్ళ మీద వెళ్తుందంటే ఒక్కసారి ఊహించుకోండి.

ఈ టర్బైన్లు తిరిగేటప్పుడు ఒక ఊళ లాంటి శబ్దం వస్తుంది, అందుకే రష్యన్ నావికులు వీటిని పాడే ఫ్రిగేట్లు అనేవారు. దూరం నుంచి వింటే బాగానే ఉంటుంది, పక్కన నాలుగు గంటలు వాచ్ కీపింగ్, అంటే కాపలా డ్యూటీ చేసి చూడండి ఆ పాట ఎలా ఉంటుందో. (నవ్వులు)

సోవియట్ నేవీకి 20 కట్టారు. మన కోసం 61ఎంఈ అని మార్చి ఐదు కట్టారు. కట్టింది ఇప్పటి ఉక్రెయిన్‌లో మికొలాయివ్ అనే ఊళ్ళో, 61 కమ్యునార్డ్స్ అనే షిప్‌యార్డులో, ఆ రోజుల్లో రష్యన్‌లో ఆ ఊరిని నికొలాయెవ్ అనేవాళ్ళు. మనవాటికి వెనకాల ఉన్న 76 మిల్లీమీటర్ల తుపాకీ తీసేసి ఆ జాగాలో హెలికాప్టర్‌కి హ్యాంగర్ ఇచ్చారు. మొదట కామోవ్ 25 హెలికాప్టర్లు, తర్వాత కామోవ్ 28. రాజ్‌పుత్ 1980 మే 4న జార్జియాలోని పోటి రేవులో మన నేవీలో చేరింది, అప్పుడు మాస్కోలో మన రాయబారి ఐ.కె. గుజ్రాల్, తర్వాత ప్రధాని అయ్యారే ఆయనే, ఆయన చేతుల మీదుగా. మొదటి కెప్టెన్ గులాబ్ హీరానందానీ. రంజిత్ 1983 సెప్టెంబరులో వచ్చింది, దాని మొదటి కెప్టెన్ విష్ణు భాగవత్, తర్వాత నేవీ చీఫ్ అయ్యారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 1962 నాటి డిజైను 1980లో మన దగ్గరకి కొత్త ఓడగా వచ్చింది. పెయింటు కొత్తదే, స్టీలు కొత్తదే, లోపల ఉన్న పంపులూ, వాల్వులూ, రాడార్ లోపలి ఎలక్ట్రానిక్సూ చాలావరకు 1960ల ఆలోచన. అంటే మన చేతికి వచ్చేసరికే ఆ పార్టుల్లో కొన్నిటికి వాళ్ళ దేశంలో మంచి కాలం సగం అయిపోయింది. కొనేటప్పుడు ఇది ఎవరికీ కనపడదు, ఇరవై ఏళ్ళ తర్వాత స్టోర్సులో కూర్చున్నవాడికి కనపడుతుంది.

సోవియట్ వాళ్ళ పద్ధతి వేరు, అది తప్పని నేను అనను, వాళ్ళ దేశానికి సరిపోయే పద్ధతి. ప్రతి మెషిన్‌కీ ఇన్ని గంటలు అని ఒక లెక్క రాసిపెడతారు. ఆ గంటలు అయిపోగానే మెషిన్ బాగా తిరుగుతున్నా సరే తీసేయాలి, ఫ్యాక్టరీకి పంపాలి, ఓవర్‌హాల్ చేసినది, అంటే పూర్తిగా విప్పి బాగుచేసినది ఇంకోటి తెచ్చి పెట్టాలి. షిప్పులో నావికుడు పెద్దగా విప్పకూడదు, బాగుచెయ్యకూడదు. బ్రిటిష్ పద్ధతిలో అలా కాదు, షిప్పులో ఉన్నవాడే విప్పి, రాసుకుని, గాస్కెట్ మార్చి, మళ్ళీ బిగించి నడిపేస్తాడు. మనవాళ్ళు బ్రిటిష్ స్కూల్లో పెరిగారు. పైగా సోవియట్ ఓడలు హార్బర్లో ఎక్కువ, సముద్రంలో తక్కువ ఉండేవి, మనవాళ్ళు ఓడ చేతికి వచ్చిందే తడవు సముద్రం మీదకి తోలేశారు. శ్రీలంక, మాల్దీవులు, ఆపరేషన్ అమన్, పవన్, కాక్టస్, అన్నింటిలో రాజ్‌పుత్ ఉంది. రంజిత్ రిటైరైన రోజున నేవీ చెప్పిన లెక్క, మొత్తం 36 ఏళ్ళలో 2,190 రోజులు సముద్రంలో నడిచింది, 7,43,000 నాటికల్ మైళ్ళు తిరిగింది. సోవియట్ వాడు వేసిన గంటల లెక్క మన చేతిలో ఎంత త్వరగా కరిగిపోతుందో మీరే చూసుకోండి, ఫ్యాక్టరీ ఏమో ఎక్కడో నల్ల సముద్రం వైపు ఉంది, టర్బైన్ పెట్టెలో పెట్టి షిప్పెక్కించి పంపితే వెళ్ళి రావడానికే ఎన్ని నెలలు పడుతుందో.

గ్యాస్ టర్బైన్ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే మీకు పరీక్షలో బ్రేటన్ సైకిల్, అంటే గ్యాస్ టర్బైన్ పనిచేసే సూత్రం వస్తుంది గానీ ఉప్పు రాదు. టర్బైన్‌కి గాలి కావాలి, చాలా గాలి, అందుకే ఆ ఓడలకి అంత పెద్ద పెద్ద పొగగొట్టాలు, జంటలు జంటలుగా. సముద్రం మీద గాలంటే ఉప్పు తుంపర కలిసిన గాలి. ఫిల్టర్లు ఉంటాయి, తుంపర ఆపే జల్లెళ్ళు ఉంటాయి, అయినా కొంత లోపలికి పోతుంది. అది కంప్రెసర్ బ్లేళ్ళ మీద పొరలా పేరుకుంటుంది, బ్లేడు ఆకారం మారుతుంది, గాలి సరిగ్గా నొక్కుకోదు, ఎగ్జాస్ట్ టెంపరేచర్ పెరుగుతుంది. అందుకని మంచినీళ్ళతో కంప్రెసర్ కడగాలి, అది మామూలు రొటీన్. ఇక వేడి వైపు, టర్బైన్ బ్లేళ్ళ మీద, ఆ ఉప్పులోని సోడియం, డీజిల్లోని గంధకం రెండూ కలిసి లోహాన్ని తినేస్తాయి. వేడి తుప్పు అనుకోండి. దీనికి తట్టుకునే బ్లేడు నికెల్ ఆధారంగా చేసిన సూపర్ అలాయ్, పైన కోటింగు. దాన్ని చూసి, కొలిచి, లేత్ మీద పెట్టి చేసేద్దాం అంటే కుదరదు. అచ్చు పోసే పద్ధతి, చల్లార్చే పద్ధతి, లోపల లోహపు గింజ ఎలా కట్టిందీ, అదంతా బ్లేడులో దాగి ఉంటుంది, కొలతలో కనపడదు.

అందుకే మనవాళ్ళు చేసిన మంచి పని, టర్బైన్ల ఓవర్‌హాల్ ఇక్కడే చేసుకోవాలని వైజాగ్‌లోనే ఒక సెంటర్ పెట్టారు, ఐఎన్ఎస్ ఎక్సిలా అని, 2000లో. ఇది ఓడ కాదు, ఒడ్డు మీద ఉండే వర్క్‌షాపు. నేవీలో ఒడ్డు మీద ఉన్నవాటికి కూడా ఐఎన్ఎస్ పేర్లు ఉంటాయి, కంగారు పడకండి. కానీ ఓవర్‌హాల్ ఇక్కడ చేసినా లోపల మార్చాల్సిన బ్లేళ్ళు, బేరింగులు, సీళ్ళు ఎక్కడివి? మళ్ళీ మికొలాయివ్ నుంచే. అదే మెలిక.

ఇప్పుడు 1991కి వద్దాం. సోవియట్ యూనియన్ పడిపోయింది. అప్పటిదాకా పద్ధతి ఎలా ఉండేదంటే, ఏడాదికోసారి మనం ఇండెంట్, అంటే పార్టులు కావాలన్న కోరిక పత్రం పెడతాం, రెండేళ్ళు ముందే ఏం పాడవుతుందో ఊహించి లిస్టు రాయాలి, ఆ లిస్టు మాస్కో వెళ్తుంది, అక్కడ ఒకే ప్రభుత్వ సంస్థ మొత్తం దేశంలో ఉన్న ఫ్యాక్టరీల నుంచి సర్ది చెక్క పెట్టెల్లో పంపుతుంది. ఆలస్యం అయ్యేది గానీ వచ్చేది. రూపాయల్లో చెల్లించేవాళ్ళం. పెట్టెల మీద రష్యన్ అక్షరాలు, లోపల గ్రీజు కాగితం చుట్టిన పార్టు, దాంతో పాటు ఒక పాస్‌పోర్ట్. నిజమేనండీ, ప్రతి పార్టుకీ ఒక చిన్న పుస్తకం ఇస్తారు, దాన్ని పాస్‌పోర్ట్ అనే అంటారు, ఎప్పుడు తయారైంది, ఎవరు తనిఖీ చేశారు, ఎన్ని గంటలు వాడొచ్చు అన్నీ అందులో ఉంటాయి.

ఆ దేశం లేకుండా పోయాక షిప్‌యార్డు, టర్బైన్ ఫ్యాక్టరీ ఉక్రెయిన్‌లో పడ్డాయి. మిసైళ్ళు, ఎలక్ట్రానిక్సు చేసే ఫ్యాక్టరీలు చాలావరకు రష్యాలో పడ్డాయి. మిగతా చిల్లర సామాను తలో రిపబ్లిక్‌లో. రూపాయలు వద్దు, డాలర్లు తెండి అన్నారు. పైగా ఆ రోజుల్లో మన దగ్గరే డాలర్లు లేవు, బంగారం తాకట్టు పెట్టిన సంవత్సరం అది. కొన్ని ఫ్యాక్టరీలు జీతాలివ్వలేక మూతపడ్డాయి, కొన్ని ఫ్రిజ్‌లూ ఇనప మంచాలూ చెయ్యడం మొదలుపెట్టాయి. మధ్యలో దళారులు పుట్టుకొచ్చారు, మా దగ్గర ఉంది, మా దగ్గర ఉంది అని. కొందరు నిజంగా ఉన్నవాళ్ళు, కొందరు ఎక్కడో గోడౌన్లో పదేళ్ళు పడి ఉన్న రబ్బరు సీలుకి కొత్త తేదీ వేసి పంపినవాళ్ళు.

రబ్బరు అన్నాను కదా, అది చెప్తాను. చాలామంది తెలివైనవాళ్ళు అడుగుతారు, ఇంత కష్టం ఎందుకు సార్, ఓడ కొన్న రోజే ముప్పై ఏళ్ళకి సరిపడా స్పేర్లు కొని గోడౌన్లో పెట్టేస్తే పోలా అని. ఇనుము అయితే పెట్టొచ్చు. ఓ-రింగులు, హోస్ పైపులు, డయాఫ్రమ్‌లు వాడకపోయినా ముసలివైపోతాయి, షెల్ఫు మీదే గట్టిపడి పగుళ్ళు వస్తాయి, వైజాగ్ ఉక్కపోతలో ఇంకా త్వరగా. కెపాసిటర్లు కూడా అంతే. ఇంకోటి, ఏ పార్టు పాడవుతుందో ముందే తెలిసినవాడు ఎవడున్నాడు? పదేళ్ళలో ఒక్కసారి కూడా పాడవదు అనుకున్న గేరు పళ్ళు ఒకరోజు రాలిపోతాయి, ఏటా పాడవుతుందని వందలు కొన్న వాల్వు అసలు పాడే అవదు. నేను స్టోర్సులోకి వచ్చినప్పుడు చూసింది ఇదే, ఎవరికీ అక్కర్లేని సరుకుతో ర్యాకులు నిండి ఉంటాయి, కావాల్సిన ఒక్కటి మాత్రం సున్నా.

అలాంటప్పుడు రెండు దారులు. ఒకటి ఇక్కడే చేయించుకోవడం, రెండోది పక్క ఓడ నుంచి తీసుకోవడం.

మొదటిది ముందు. ఒక సముద్రపు నీటి పంపు ఇంపెల్లర్, అంటే లోపల తిరిగి నీళ్ళు తోసే చక్రం అరిగిపోయింది అనుకోండి. డ్రాయింగ్ లేదు. చేతిలో ఉన్నది అరిగిపోయిన ముక్క. అరిగిన ముక్కని కొలిస్తే అరిగిన కొలతే వస్తుంది గానీ అసలు కొలత రాదు కదా, కాబట్టి అది ఏ కేసింగులో కూర్చుంటుందో దాన్ని కొలవాలి, రెండో ఓడలో కాస్త తక్కువ అరిగినది ఉంటే దాన్నీ కొలవాలి, పంపు ఎంత నీళ్ళు ఎంత ప్రెషర్‌తో ఇవ్వాలో మాన్యువల్లో చూసి వెనక్కి లెక్క కట్టాలి. ఏ లోహమో ల్యాబుకి పంపి చూడాలి, ఆ కంచులో అల్యూమినియం ఎంత, నికెల్ ఎంత అని. గోస్ట్ గ్రేడుకి దగ్గరగా మన ఐఎస్, అంటే ఇండియన్ స్టాండర్డ్ గ్రేడు ఏదో వెతకాలి, అచ్చంగా అదే ఎప్పుడూ దొరకదు. అప్పుడు చిన్న ఫౌండ్రీ వాడి దగ్గరికి వెళ్ళాలి. ఆటోనగర్‌లో, హైదరాబాద్ బాలానగర్‌లో ఇలాంటి పని చెయ్యగల చేతులు ఉన్నాయి, మీకు బయటి నుంచి చూస్తే రేకుల షెడ్డు, లోపల మైక్రాన్లలో పని చేసేవాళ్ళు ఉంటారు. కానీ వాళ్ళ బాధ వేరు. కావాల్సింది రెండు ముక్కలు. రెండు ముక్కలకి ప్యాటర్న్ చెక్కాలి, అచ్చు పోయాలి, ఎక్స్‌రే తీయించాలి, ఇన్స్పెక్షన్ వాడు వచ్చి స్టాంపు వెయ్యాలి, ఓడలో బిగించి ట్రయల్ అవ్వాలి, అప్పటిదాకా డబ్బు రాదు. మళ్ళీ ఆర్డరు ఎప్పుడో తెలీదు. అందుకే చాలామంది దండం పెట్టేస్తారు. 2020లో రక్షణ శాఖ సృజన్ అని ఒక పోర్టల్ పెట్టింది, దిగుమతి చేసుకుంటున్న వస్తువుల లిస్టు అందులో పెడతారు, చెయ్యగలిగినవాళ్ళు ముందుకి రావచ్చు. మంచి పనే, నా ఉద్దేశంలో ముప్పై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన మంచి పని. లిస్టు కనపడితే చాలదు, రెండు ముక్కలు చేసేవాడికి గిట్టుబాటు ఎలా అన్న ప్రశ్న అలాగే ఉంది.

రెండో దారి, పక్క ఓడ నుంచి తీసుకోవడం. దీన్ని నేవీల్లో కానిబలైజేషన్ అంటారు. మీ ఇంట్లో రెండు పాత చేతక్ స్కూటర్లు ఉంటే ఒకదాని కార్బొరేటర్ తీసి రెండోదానికి పెట్టి నడిపించరూ, అదే. రీఫిట్‌కి, అంటే పెద్ద రిపేరుకి వచ్చి ఎలాగూ డాక్‌లో నిలబడి ఉన్న ఓడ నుంచి పంపు విప్పి, రేపు సముద్రంలోకి వెళ్ళాల్సిన ఓడకి పెడతారు. ఆ రోజుకి గండం గడుస్తుంది. కానీ ప్రతిసారీ రెండు ఓడల్లో విప్పే పని, రెండు ఓడల్లో బిగించే పని, విప్పేటప్పుడు గాస్కెట్ చిరుగుతుంది, పాత స్టడ్ విరుగుతుంది, అంటే ఒక పార్టు కోసం ఇంకో రెండు పార్టులు ఖర్చు. పైగా ఏ మెషిన్ ఎన్ని గంటలు తిరిగిందన్న లెక్క చెదిరిపోతుంది, ఆ పాస్‌పోర్ట్ పుస్తకం ఒక ఓడలో ఉంటుంది, పంపు ఇంకో ఓడలో ఉంటుంది.

అందుకనే ఒక క్లాసులో మొదటి ఓడ రిటైరైతే దాని చెల్లెళ్ళకి, అంటే అదే క్లాసులో మిగతా ఓడలకి పండగ. బయటివాళ్ళకి ఆ రోజు సూర్యాస్తమయానికి జెండా దింపడం, బ్యాండు, పాత కెప్టెన్లు కళ్ళు తుడుచుకోవడం కనపడుతుంది. రాజ్‌పుత్‌కైతే కోవిడ్ రోజులు కాబట్టి అదీ చిన్నగా జరిగింది, 41 ఏళ్ళ ఓడ. మా స్టోర్స్ వాళ్ళకి మాత్రం అప్పటికి చాలా ముందే పని మొదలవుతుంది. ఏ ఓడకి ఏం కావాలో లిస్టులు పట్టుకుని మిగతా షిప్పుల ఇంజనీర్లు వస్తారు. బాగున్న పంపులు, మోటార్లు, వాల్వులు, కంట్రోల్ ప్యానెళ్ళు, రాడార్ లోపలి కార్డులు, ఎన్నో గంటల ఆయుష్షు మిగిలి ఉన్న మెషిన్లు, ఇవన్నీ విప్పి, పరీక్ష చేసి, ట్యాగు కట్టి గోడౌన్లో పెడతారు. అలా చూస్తే ఈ క్లాసుకి అన్నింటికన్నా పెద్ద స్పేర్ పార్టుల ఫ్యాక్టరీ మన డాక్‌యార్డులో కట్టేసి ఉన్న రిటైర్డ్ ఓడే.

ఇప్పుడు బ్రహ్మోస్ కథ, ఇందాక చెప్తానన్నాను కదా. ఇంత పాత ఓడలు కదా, బ్రహ్మోస్‌ని మొట్టమొదట మోసింది ఇవే. ఓడ నుంచి పేల్చే మొదటి ట్రయల్స్ రాజ్‌పుత్ మీద చేశారు. తర్వాత రణ్‌వీర్‌లో వెనకాల ఉన్న పాత వోల్నా మిసైల్ లాంచర్, అంటే విమానాలని కూల్చే మిసైళ్ళది, తీసేసి ఆ గోతిలో బ్రహ్మోస్ నిలువు లాంచర్ పెట్టారు, 2008 డిసెంబరులో కదులుతున్న ఓడ నుంచి నిలువుగా దాన్ని పేల్చారు. ఎందుకు ఇవే? పాత ఓడల్లో జాగా ఎక్కువ, ఏదైనా జరిగినా కొత్త ఓడ పోదు, ఇంకా పాత లాంచర్‌కి స్పేర్లు కష్టమవుతున్నాయి కాబట్టి దాన్ని తీసెయ్యడానికి ఒక సాకు దొరికింది, ఇది నా అభిప్రాయం, రికార్డుల్లో వెతకొద్దు. బ్రహ్మోస్ కూర్పు హైదరాబాద్‌లోనూ జరుగుతుంది. కాబట్టి ఒకే ఓడలో ముందు లాంచర్‌కి పార్టు కావాలంటే రష్యాలో వెతుక్కోవాలి, వెనక లాంచర్‌కి కావాలంటే రాత్రి రైలెక్కితే చాలు. ఇంకో తమాషా, ఆ పాత వోల్నా మిసైలూ, మన ఎయిర్‌ఫోర్స్ వాడే పెచోరా మిసైలూ ఒకే కుటుంబం, ఒకటి ఓడ మీద ఒకటి నేల మీద.

పాతబడిపోయిన క్లాసు గురించి ఇంత ఎందుకు అని మీకు అనిపించొచ్చు. 2022లో ఏం జరిగిందో చూడండి. రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే మికొలాయివ్ మీద రాకెట్లు పడ్డాయి. టర్బైన్లు చేసే జోర్యా మష్‌ప్రోయెక్త్ ఉన్నది ఆ ఊళ్ళోనే. అదే ఏప్రిల్‌లో మునిగిపోయిన రష్యా క్రూయిజర్ మాస్క్వా కూడా మన రాజ్‌పుత్‌ని కట్టిన 61 కమ్యునార్డ్స్ యార్డులో కట్టిందే, అదే కాలంలో, 1979లో నీళ్ళలోకి దింపారు. ఇక మన సంగతి, ఢిల్లీ క్లాసు, కోల్‌కతా క్లాసు, 2021లో వచ్చిన మన ఊరి పేరున్న విశాఖపట్నం క్లాసు, ఇవన్నీ నడిచేది జోర్యా టర్బైన్ల మీదే. అంటే రాజ్‌పుత్ వెళ్ళిపోయినా దాని గొడవ ఇంకా ముప్పై ఏళ్ళు మనతోనే ఉంటుంది.

రష్యా వాళ్ళ తిప్పలు ఇంకా విచిత్రం. సోవియట్ కాలంలో ఓడల గ్యాస్ టర్బైన్లు చేసే పని దాదాపు అంతా ఆ ఒక్క ఊరికే అప్పజెప్పేశారు. 2014లో క్రిమియా గొడవ రాగానే ఉక్రెయిన్ ఇంజిన్లు ఆపేసింది, రష్యా కడుతున్న ఫ్రిగేట్లు ఇంజిన్లు లేక యార్డులో ఖాళీ డబ్బాల్లా నిలబడిపోయాయి. వాటిల్లో రెండు మనం కొన్నాం, తుశీల్, తమాల్. ఇంజిన్లు మనం ఉక్రెయిన్ దగ్గర కొని, మనమే రష్యాకి ఇస్తే, వాళ్ళు బిగించి మనకి ఇచ్చారు. తుశీల్ 2024 డిసెంబరులో, తమాల్ 2025 జులైలో నేవీలో చేరాయి. కొట్టుకుంటున్న ఇద్దరి మధ్య ఒక ఓడ పూర్తవ్వడం నా సర్వీసులో ఎప్పుడూ వినలేదు.

సరే, ఎక్కువసేపే మాట్లాడినట్టున్నాను. ప్రశ్నలుంటే అడగండి. ఆ చెప్పమ్మా.

(విద్యార్థిని: సార్, ఇంత కష్టపడే బదులు కొత్త ఓడకి టర్బైన్ ఇక్కడే తయారు చేసుకోవచ్చు కదా?)

చేసుకోవాలి. సగం దారిలో ఉన్నాం. కొత్త విక్రాంత్‌లో ఉన్నవి అమెరికన్ డిజైన్ ఎల్ఎం2500 టర్బైన్లు, వాటిని బెంగళూరులో, విమానాలు కట్టే ప్రభుత్వ కంపెనీ హెచ్ఏఎల్‌లో కూర్చారు. కూర్చడం వేరు, బ్లేడు పోత పోయడం వేరు. మిధాని అనే ప్రభుత్వ లోహాల కంపెనీ హైదరాబాద్‌లోనే ఉంది, 1973లో పెట్టారు, సూపర్ అలాయ్‌లు చేస్తోంది. ఒడిశాలో సునాబెడ దగ్గర, అంటే మనకి కొండ దాటితే వచ్చేస్తుంది, హెచ్ఏఎల్ మిగ్ విమానాల ఇంజిన్లు చేస్తూ వచ్చింది, కాబట్టి వేడి లోహం పట్టుకున్న చేతులు ఉన్నాయి. నేవీకి కావాల్సింది ఏడాదికి కొన్ని ఇంజిన్లే, ఆ కొన్నిటి కోసం ఫ్యాక్టరీ పెట్టేవాడు ఎవడు అన్నదే అసలు చిక్కు. ఇందాక రెండు ఇంపెల్లర్ల గురించి చెప్పానే, అదే లెక్క, సున్నాలు ఎక్కువ, అంతే. మీలో ఎవరైనా మెటలర్జీ వైపు వెళ్తే ఈ పనికి యాభై ఏళ్ళ డిమాండ్ ఉందని నేను రాసిస్తాను.

(విద్యార్థి: సార్, రిటైర్ అయిన ఓడ పార్టులు బయట స్క్రాప్‌లో దొరుకుతాయా? కాలేజీ ల్యాబుకి టర్బైన్ బ్లేడ్ తెచ్చుకుందామని.)

(నవ్వులు) నీకు మంచి ఆలోచనే వచ్చింది. దొరకవు నాయనా. పనికొచ్చేవి ముందే స్టోర్సు తీసేసుకుంటుంది, ఆయుధాలు, రాడార్లు, కోడ్ సామాన్లు ఏవీ బయటికి రావు. మిగిలిన డొక్కుని ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ కంపెనీ ఆన్‌లైన్ వేలంలో అమ్ముతుంది, ఎయిర్‌క్రాఫ్ట్ క్యారియర్ విరాట్ కూడా అలాగే వేలానికి వెళ్ళి గుజరాత్‌లో అలంగ్ చేరింది. కొన్నవాడికి కావాల్సింది స్టీలు, రాగి కేబులు, ప్రొపెల్లర్ కంచు. నీకు బ్లేడు కావాలంటే వేరే దారి ఉంది, మీ హెచ్ఓడీ గారి చేత కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయించు, ట్రైనింగ్ కోసం ఆయుష్షు అయిపోయిన పార్టు ఇప్పించమని. ఒకసారికి జవాబు రాదు. మళ్ళీ రాయించు.